తొంభై ఒక్క శాతం గొడుగు

ఆ సోమవారం గేదెల నూకరత్నం చేయాల్సిన పనులు ఇవి. ఎండ ముదరక ముందే చద్దన్నం తిని బయలుదేరడం. ఆఫీసువాళ్లిచ్చిన గుర్తింపు కార్డు మెడలో వేసుకుని, ఫొటో బయటివైపు ఉండేలా చూసుకోవడం. మెరకవలస ఊళ్లో కొండవీధికి వెళ్లి, ప్రతి గుమ్మం ముందూ ఆగి నమస్కారం పెట్టి, "పురపాలక అధ్యక్ష ఎన్నికలో మీ ఓటు ఎవరికి?" అని అడగడం. అడిగేటప్పుడు నవ్వడం. మరీ ఎక్కువ నవ్వకపోవడం, ఎందుకంటే ఎక్కువ నవ్వితే ఓటరు ప్రభావితుడవుతాడని శిక్షణలో చెప్పారు. జవాబు ట్యాబులో నొక్కడం. ఎవరైనా టీ ఇస్తే తాగకపోవడం. వడదెబ్బ తగలకుండా గొడుగు పట్టుకెళ్లడం.

ఈ చివరిది ఆఫీసు చెప్పిన పని కాదు. వాళ్లమ్మ చెప్పింది.

నూకరత్నం అన్నీ చెప్పినట్టే చేసింది, టీ విషయంలో తప్ప. కొండవీధిలో టీ వద్దన్న మనిషిని రెండో మాట మాట్లాడనివ్వరు. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. నాయన జూట్ మిల్లులో నార దులిపి దులిపి దగ్గు తెచ్చుకున్నవాడు. కూతురికి మెడలో కార్డున్న ఉద్యోగం వచ్చిందని మిల్లు గేటు దగ్గర అందరికీ చెప్పాడు. ఉద్యోగం ఇంకా తాత్కాలికమే అని మాత్రం చెప్పలేదు. అది పర్మినెంటు అవుతుందో, ఇంటికి పొమ్మంటారో ఈ ఒక్క సర్వే మీద ఆధారపడి ఉంది.

ఆ ఉద్యోగం పుట్టిన తీరు కూడా చెప్పాలి. అంతకుముందు ఎన్నికల్లో టీవీల వాళ్లు తలా ఒక సర్వే చేశారు. వాటిని నమ్మి ఒక పెద్దమనిషి ఊరంతా లడ్డూలు పంచి, ఫలితాలు వచ్చిన సాయంత్రం ఆ లడ్డూలు తిన్నవాళ్ల మొహాలు చూడలేక తీర్థయాత్రలకు వెళ్లిపోయాడు. దాంతో ప్రభుత్వం ఆలోచించింది. సర్వేలు మానేయాలని కాదు, సర్వేలు తప్పకూడదని. 'అభిప్రాయ ధ్రువీకరణ కార్యాలయం' అని ఒకటి పెట్టి, ఒకే ఒక్క నియమం రాసింది: ముందు చెప్పినదానికీ తర్వాత జరిగినదానికీ తేడా ఉండరాదు. తేడా వస్తే సంబంధిత క్షేత్ర సిబ్బందిదే బాధ్యత.

ప్రయోగానికి మెరకవలసను ఎంచుకున్నారు. ఊరంతా తిరగనక్కర్లేదని రాజధాని నుంచి వచ్చిన నిపుణుడు తారకనాథ్ తేల్చాడు. ఆయన లెక్క ప్రకారం కొండవీధి సగటు వీధి. సగం ఎగువ, సగం దిగువ. మరీ ఉన్నవాళ్లు కారు, మరీ లేనివాళ్లూ కారు. కొండవీధి ఏమంటే మెరకవలస అంతా అదే అంటుంది. కొండవీధికి నూకరత్నం ఒక్కతే చాలు.

పోటీలో ముగ్గురున్నారు. నిచ్చెన గుర్తు పార్టీ ఆయన ఒకరు, జల్లెడ గుర్తు పార్టీ ఆయన ఒకరు. మూడో మనిషి దుక్క సన్యాసిరావు, స్వతంత్రుడు. పెళ్లి మేళంలో క్లారినెట్ వాయిస్తాడు. స్నేహితులు రెచ్చగొడితే పౌరుషానికి నామినేషన్ వేశాడు. వెనక్కి తీసుకుందామనుకున్న రోజున దివ్యమైన ముహూర్తాలున్నాయి. మూడు పెళ్లిళ్లు వాయించి వచ్చేసరికి గడువు దాటిపోయింది. ఆయనకు వచ్చిన గుర్తు గొడుగు.

మొదటి గుమ్మంలో అప్పలకొండ అనే ఆవిడ చేటలో బియ్యం చెరుగుతోంది. నూకరత్నం ప్రశ్న అడగ్గానే చేట పక్కన పెట్టి, మనిషిని కిందినుంచి పైదాకా చూసింది. చూపు చేతిలోని గొడుగు దగ్గర ఆగింది.

"ఇంత ఎండలో ఒచ్చినావా తల్లీ! ఎవులికేస్తామంటావా? సూస్తన్నాం కాదేటి. గొడుక్కే."

"కచ్చితంగానా అమ్మా?"

"మా ఇంట్లో అందరం గొడుక్కే. టీ తాగు."

రెండో ఇంట్లోనూ గొడుగే. మూడో ఇంటాయన మంచం మీంచి లేవలేకపోయినా చెయ్యెత్తి గొడుగు పట్టినట్టు చూపించాడు. నూకరత్నం ఆశ్చర్యపోయింది. ఎవరికీ తెలియని క్లారినెట్ మనిషికి ఇంత గాలి వీస్తోందా అనుకుంది. ట్యాబులో నొక్కుకుంటూ ఎగువకి ఎక్కింది. పార్టీల చుట్టాలున్న ఒకటి రెండిళ్లు తప్ప అంతా గొడుగే.

వీధి చివర, కొండ మలుపులో ఆఖరి ఇల్లు సన్యాసిరావుదే. ఆయన మేళానికి వెళ్లాడు. భార్య గవరమ్మ కుళాయి ముందు ఖాళీ బిందె పెట్టుకుని కూర్చుని ఉంది. కుళాయి సుయ్‌మని గాలి వదులుతోంది.

నూకరత్నం గొడుగు మడిచి గోడకి ఆనించి, ప్రశ్న అడిగింది.

"నా ఓటా? నాకే తెల్దు ఇంకా," అంది గవరమ్మ.

"మీ ఆయనే నిలబడ్డారు కదండీ?"

"నిలబడ్డాడా! కుళాయి కాడ కాసింతసేపు నిలబడరా నాయనా అంటే నిలబడ్డు గానీ, ఊరికోసం నిలబడ్డాడంట. సూడమ్మా, ఈ కుళాయి ఎగువోళ్లకి రాక రెండు వేసవులైంది. ముగ్గుర్నీ అడుగుతాను, ఏటి సేస్తారు అని. సెప్పినాక ఆలోసించుకుంటాను. అడక్కముందే ఎవులికేస్తానని ఎలా సెప్పమంటావు?"

నూకరత్నం ట్యాబు చూసింది. నిచ్చెన, జల్లెడ, గొడుగు. అంతే. 'ఇంకా తేల్చుకోలేదు' అనే గడి ఒకప్పుడు ఉండేది. 'ప్రజాస్వామ్యంలో తెలియకపోవడం బాధ్యతారాహిత్యం' అని ఉత్తర్వు వేసి దాన్ని తీసేశారు.

"కుళాయి గురించి గడేటైనా ఉందేటి అందులో?"

"లేదండీ."

"మరేటడుగుతున్నట్టు నువ్వు?" అంది గవరమ్మ. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

నూకరత్నం గవరమ్మ పేరు ఎదురుగా ఖాళీ వదిలేసి లేచింది. మాటల్లో పడి గొడుగు అక్కడే మరిచిపోయింది. వస్తూ వస్తూ ఇందాక తలుపు వేసి ఉన్న ఇంటి దగ్గర ఆగింది. ఇప్పుడు ఒక ముసలాయన అరుగు మీద కూర్చున్నాడు. ప్రశ్న అడిగితే ఆయన ఆమె కుడిచేయి చూశాడు, ఎడమచేయి చూశాడు, వెనక ఎవరైనా ఉన్నారేమోనని వంగి చూశాడు.

"నీదే పార్టీ తల్లీ?"

"నాది ఏ పార్టీ కాదు తాతా. మీరు ఎవరికి వేస్తారో చెప్పండి."

"సేతిలో ఏటీ నేకుండా వొస్తే ఎలా సెప్పమంటావు? నిచ్చెనోలు నిచ్చెన బొమ్మ తెస్తారు, మీకే అంటాం. జల్లెడోలు జల్లెడ తెస్తారు, మీకే అంటాం. గుమ్మంలోకి ఒచ్చిన మనిషిని కాదని పంపితే ఈధికి ఎంత నామర్దా! ఇందాక గొడుగట్టుకుని ఒక పాప ఒచ్చిందంట, దానికి గొడుగని సెప్పినారు. నువ్వేటనమంటే అదే అంటాను, బేగి సెప్పు."

నూకరత్నం నడివీధిలో, నెత్తి మాడే ఎండలో, నిలువునా నిలబడిపోయింది.

* * *

ఆఫీసు పాత పశువుల ఆసుపత్రిలో ఉంది. డిప్యూటీ డైరెక్టర్ గోవిందస్వామి గారు ఒకప్పుడు ఎద్దులను కట్టే గదిలో కూర్చుంటారు. నూకరత్నం రొప్పుకుంటూ వెళ్లేసరికి ఆయనా, తారకనాథూ ఒకరికొకరు స్వీటు తినిపించుకుంటున్నారు.

"రామ్మా, రా. గొడుగు తొంభై ఒక్క శాతం! రాజధానికి పంపడమూ, ధ్రువీకరణ కావడమూ, పత్రికలకు విడుదల చేయడమూ సంపూర్ణంగా జరిగిపోయినవి," అన్నారు గోవిందస్వామి గారు.

"సార్, అది సన్యాసిరావు గొడుగు కాదు, నా గొడుగు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "గొడుగు ఎవరికి చెందినదన్న అంశము ఈ కార్యాలయ పరిధిలోనికి రాదు."

"నా చేతిలో గొడుగు చూసి, నేను ఆ పార్టీ మనిషిననుకుని, నా మొహం చిన్నబోకూడదని అలా చెప్పారు సార్."

తారకనాథ్ జాలిగా నవ్వాడు. "చూడండి, మనిషి ఏ కారణంతో చెప్పాడన్నది మోడల్‌కి అనవసరం. చెప్పాడా లేదా? చెప్పాడు. అయిపోయింది."

"ఒకావిడ ఏమీ చెప్పలేదు సార్. ఖాళీ వదిలేశాను."

"ఖాళీలు ఉండవు. మోడల్ వాటిని మెజారిటీలో కలిపేస్తుంది. ఆవిడా గొడుగే."

"పోనీ, మళ్లీ సర్వే చేద్దాం సార్. ఈసారి వట్టి చేతులతో వెళ్తాను."

గోవిందస్వామి గారు ఉత్తర్వుల కట్ట తిరగేసి, వేలు పెట్టి చదివారు. "మొదటి సర్వే తప్పని రుజువైనచో మాత్రమే రెండవ సర్వేకు అనుమతి. తప్పని రుజువు కావాలంటే ఎన్నిక జరగాలి. ఎన్నిక జరిగిన పిమ్మట సర్వే అవసరం లేదు. ఎంత పకడ్బందీగా రాశారో చూడు." తర్వాత గొంతు తగ్గించారు. "అమ్మాయ్, ఇప్పుడు సర్వే తప్పు కాకుండా చూసుకోవాలి. అంటే జనం తప్పు చేయకుండా చూసుకోవాలి. నీ ఉద్యోగం నీ చేతుల్లో ఉంది, అర్థమైందా?"

అర్థమైంది. జూట్ మిల్లు గేటు దగ్గర నాయన మొహం కూడా కళ్ల ముందు కనిపించింది.

* * *

మర్నాడు పేపర్లలో గొడుగు ఎంత పెద్దగా వేశారంటే, దాని కింద మిగతా వార్తలన్నీ నీడలో పడిపోయాయి.

సన్యాసిరావు మేళం ముగించుకుని బస్సు దిగేసరికి ముగ్గురు దండలు వేశారు. ఆయన ఆ దండలతోనే పశువుల ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చాడు.

"నూకరత్నమ్మా, నీకు దండం ఎడతాను. నన్ను ఇందులోంచి తీసీగలవా?"

"గెలుస్తారంటున్నారు కదండీ!"

"అదేనమ్మా బయం! చైర్మన్ అయిపోతే మాగమాసంలో మేళం ఎవులు వాయిస్తారు?"

నిచ్చెన పార్టీవాళ్లు మాత్రం ఊరుకోలేదు. సొంత సర్వే చేయించారు. కుర్రాళ్లు నిజం నిచ్చెనలు భుజాన వేసుకుని కొండవీధి ఎక్కారు. తొంభై మూడు శాతం నిచ్చెన వచ్చింది. జల్లెడవాళ్లు ఇంటింటికీ ఒక జల్లెడ పంచి మరీ అడిగారు. తొంభై అయిదు వచ్చింది. విలేకరులు మూడు కాగితాలూ పట్టుకొచ్చి, మూడూ కలిపితే వందకి రెండొందల డెబ్బై తొమ్మిది ఎలా వస్తుందని తారకనాథ్‌ని నిలదీశారు.

"ఇది ఓటరు ఉత్సాహానికి నిదర్శనం," అన్నాడు తారకనాథ్, రెప్ప వేయకుండా. "మెరకవలస ఓటరు సగటున రెండుంముప్పావు పార్టీలను అభిమానిస్తున్నాడు. పావు అభిమానం ఇంకా ఖాళీగా ఉంది."

మర్నాడు అది కూడా పేపర్లో వచ్చింది.

కానీ ధ్రువీకరణ ముద్ర ఉన్నది గొడుగుకే గనక, కొండవీధిలో ఒక మార్పు జరిగింది. ఓట్లడగడానికి వచ్చేవాళ్లు రావడం మానేశారు. నిచ్చెన అభ్యర్థి జీపు వీధి మొగదాకా వచ్చి, "ఇదంతా గొడుగు వీధంట, పెట్రోలు దండగ," అని వెనక్కి తిరిగింది. జల్లెడ అభ్యర్థి అంతదూరం కూడా రాలేదు. వాళ్లను కుళాయి సంగతి అడుగుదామని గవరమ్మ రోజూ బిందె పట్టుకుని వీధి మొగన కూర్చునేది. రెండ్రోజులు చూసి, మూడో రోజు బిందెతోనే ఆఫీసుకి వచ్చేసింది.

"నా అభిప్రాయం నాకిచ్చీండి బాబూ," అంది గోవిందస్వామి గారితో.

"కూర్చోండమ్మా. తమరి అభిప్రాయము విజయవంతంగా లెక్కించబడినది."

"నేనివ్వందే ఎలా లెక్కెట్టినావు?"

"మోడల్ లెక్కించినది."

"ఆ మోడలోడెవడో పిలు, నేనడుగుతాను."

గోవిందస్వామి గారు సహనానికి పెట్టింది పేరు. అభిప్రాయ మార్పిడి దరఖాస్తు తీసి ఆమె ముందు పెట్టారు. "మార్చుకోదలచినచో కారణం పేర్కొనవలెను. అనుమతించబడిన కారణములు మూడు: వివాహము, నివాసము మారుట, మరణము."

"ఆలోసించుకుంటే?"

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. "ఆలోచించుట అనునది ఇందులో లేదు. పైగా చిన్న చిక్కున్నది. మార్చుకోవాలంటే ముందొక అభిప్రాయం ఉండాలి. తమరికి ఇంకా ఏర్పడలేదంటున్నారు. లేనిదానిని మార్చుట కుదరదు. తమరు ముందు గొడుగుకు వేస్తానని ఒప్పుకున్నచో, ఆపైన దానిని మార్చుకొనుటకు దరఖాస్తు చేయవచ్చును."

గవరమ్మ ఆ కాగితం వెనక్కి నెట్టేసింది. తర్వాత నూకరత్నం వైపు తిరిగింది.

"ఇంత మంచోడు, ఇలాగైపోయినాడేటమ్మా?"

* * *

ఎన్నిక దగ్గర పడింది. 'స్థిరాభిప్రాయ వారోత్సవాలు' మొదలయ్యాయి. బడిపిల్లలు ప్లకార్డులు పట్టుకుని "చెప్పిన మాట మీద నిలబడదాం, సర్వే పరువు కాపాడదాం" అని అరుస్తూ తిరిగారు. గోవిందస్వామి గారు మైకులో, మనసు మార్చుకోవడం కల్తీతో సమానమని చెప్పారు. ఇంటింటికీ వెళ్లి ఓటరు చేత 'నేను చెప్పినట్లే వేయుదును' అని ప్రమాణం చేయించే పని నూకరత్నానికి అప్పగించారు.

ఆమె వెళ్లింది. అప్పలకొండ గుమ్మంలో కూర్చుని, చెప్పాల్సిన మాట నోట్లోంచి రాక, ఉన్న సంగతంతా చెప్పేసింది.

"అమ్మా, ఆ రోజు నేను తెచ్చిన గొడుగు ఎండ గొడుగు. పార్టీ గొడుగు కాదు. మీ ఓటు మీ ఇష్టం వచ్చినవాళ్లకి వేసుకోండి."

"మరి తేడా ఒస్తే?"

"నా ఉద్యోగం పోతుంది."

అప్పలకొండ గుండెలమీద చెయ్యేసుకుంది. క్షణంలో వీధి పోగైంది. "పాప ఉద్యోగం పోద్దంట!" "ఎండలో ఒచ్చిన పిల్ల!" "డిగ్రీ సదివిందంట!" "ఏసీండర్రా గొడుక్కి, పోయేదేటుంది?"

"నా కోసం వెయ్యకండి, మీకు పుణ్యముంటుంది!" అని నూకరత్నం బతిమాలింది.

"ఏటమ్మా, మా ఓటు నీకు సేదైపోనాదా?" అని అప్పలకొండ నొచ్చుకుంది.

ప్రమాణాలు చేయించమని పంపిన ఉద్యోగిని, వద్దు వద్దని ఇల్లిల్లూ తిరిగింది. వద్దన్నకొద్దీ వీధి మరింత గట్టిగా ప్రమాణం చేసింది. సాయంత్రానికి కొండవీధి నూటికి నూరుపాళ్లు గొడుగు వీధి అయిపోయింది, ఒక్క ఇల్లు తప్ప.

ఆ ఇంట్లో గవరమ్మ, మొగుణ్ని పీట మీద కూర్చోబెట్టి అడుగుతోంది.

"మిగతా ఇద్దరూ ఇటు రానే రారంట. దొరికినోడివి నువ్వొక్కడివే. సెప్పు. చైర్మన్‌వైతే కుళాయికేటి సేస్తావు?"

సన్యాసిరావు క్లారినెట్ తుడుచుకుంటూ నీళ్లు నమిలాడు. జవాబు చెప్పకపోతే అన్నం దొరికేలా లేదని తెలిసి, లేచి బయటికి నడిచాడు. కొండదిగువకి పోయి, మునిసిపాలిటీ ఫిట్టరుని పట్టుకుని, పైపు వెంట పడ్డాడు. తొంభై ఒక్క శాతం మనిషి కాబోయే చైర్మన్ కదా అని ఫిట్టరు కూడా కాదనలేదు. ఇద్దరూ మట్టి తవ్వుకుంటూ, ఎగువకి వెళ్లే వాల్వుని ఎవరో ఎప్పుడో మూసేసి, మరిచిపోయి, దాని మీద రోడ్డు వేసేశారని కనిపెట్టారు. మర్నాడు గవరమ్మ కుళాయి రెండుసార్లు దగ్గి, ఎర్రనీళ్లు కక్కి, సన్నగా పారింది.

గవరమ్మ బిందె నిండాక మొగుడి వైపు చూసి, "ఎత్తు," అంది. ఎత్తాడు.

* * *

ఓట్లు వేశారు. లెక్కపెట్టారు. నిచ్చెన గెలిచింది, జల్లెడ రెండోది. మెరకవలస మొత్తంలో గొడుగుకు పడింది ఒకే ఒక్క ఓటు.

సన్యాసిరావు నూకరత్నం దగ్గరకొచ్చి చెవిలో చెప్పాడు. "అది నాది కాదమ్మా. గెలిచేస్తానేమోనని బయమేసి నేను నిచ్చెనకి గుద్దీసినాను."

రాజధాని నుంచి ముగ్గురు సభ్యుల విచారణ సంఘం దిగింది. బడి వరండాలో కుర్చీలు వేశారు. నూకరత్నాన్ని ఒక పక్కన నిలబెట్టారు. ఉద్యోగం పోయినట్టేనని ఆమెకి తెలుసు. అమ్మకి అప్పటికే చెప్పేసింది. నాయనకి ఎలా చెప్పాలో తెలియక చెప్పలేదు.

సంఘం అధ్యక్షులు గొంతు సవరించుకున్నారు. "సర్వే సమయమున అసత్యము పలికిన ఓటర్లను గుర్తించుటకై ఈ విచారణ. మొదటి సాక్షి! నిజంగా నీవు ఎవరికి ఓటు వేసినావు?"

అప్పలకొండ ఒకసారి నూకరత్నం మొహం చూసింది. తర్వాత తలెత్తి, నిబ్బరంగా చెప్పింది.

"గొడుక్కే బాబూ."

"రెండవ సాక్షి?"

"గొడుక్కే."

"మూడవ..."

"మా ఇంటిల్లిపాదీ గొడుక్కే బాబుగారూ. అడుగుతున్నారేటి ఇంకా!"

కొండవీధి అంతా వరస కట్టి వచ్చి, గొడుక్కే వేశామని చెప్పింది. అధ్యక్షులు కలవరపడ్డారు. "ఇంతమందీ వేసినచో, పెట్టెలో ఒక్కటే ఎందుకున్నది?"

"అది మాకెలా తెలస్తాది?" అన్నాడు అరుగు ముసలాయన. "ఏసినోలం మేము. లెక్కెట్టినోలు మీరు."

నూకరత్నం ఇక ఉండబట్టలేకపోయింది. "అయ్యా, వీళ్లు నా ఉద్యోగం కోసం అబద్ధం చెబుతున్నారు. సర్వే తప్పే. వీళ్లు ఎవరూ గొడుగుకు వెయ్యలేదు. నేనే వెయ్యొద్దని చెప్పాను."

"ఊరుకో తల్లీ, నీకు తెల్దు," అని వీధంతా ఒక్కసారి గదమాయించింది.

అధ్యక్షులు పక్క సభ్యుడితో, "విపరీతమైన పనిభారం వలన కలిగిన వినయము," అని రాయించారు.

ఆఖరి సాక్షి గవరమ్మ. "నీవు ఎవరికి వేసినావు?"

"సెప్పను."

గోవిందస్వామి గారు కుర్చీలో ముందుకి జరిగారు. అప్పలకొండ వెనకనుంచి చీర కొంగు పట్టి లాగి, "గొడుగనీయే! మనమందరం అన్నాం కదే!" అని గుసగుసలాడింది.

"చెప్పకపోవుటకు కారణమేమి?" అన్నారు అధ్యక్షులు.

"ఓటేసే కాడ తెర కట్టినోలు మీరే కదా బాబూ. బయటికొచ్చి సెప్పీదానికైతే, ఆ తెరెందుకు?"

దానికి ముగ్గురు సభ్యులూ కాసేపు తమలో తాము మాట్లాడుకున్నారు. మొదటి సభ్యుడు ఉత్తర్వులు చూశాడు, రెండోవాడు మొదటివాణ్ని చూశాడు, మూడోవాడు గడియారం చూశాడు. చివరికి నివేదిక వచ్చింది. అందులోని ముఖ్యాంశాలు ఇవి: సర్వే సర్వవిధాలా సరైనదని ఓటర్ల వాంగ్మూలాల వల్ల రుజువైంది. సర్వేతో పోల్చి చూడగా ఎన్నిక ఫలితంలో వ్యత్యాసం కనబడుచున్నది. ఇది మొదటి తప్పు గనక, ఫలితాన్ని మందలించి వదిలివేయవచ్చును. సాక్షులలో తేడా చూపినది ఒక్కరే: కొండవీధి ఆఖరి ఇంటి ఓటరు.

ఫలితానికి మెమో జారీ అయింది. దాన్ని ఎవరికి ఇవ్వాలో తెలియక పెట్టె మీద అంటించారు. గోవిందస్వామి గారికి ప్రమోషన్ వచ్చింది. తారకనాథ్ ఇంకో ఊరికి వెళ్లాడు. నూకరత్నానికి ఉద్యోగం పర్మినెంటైంది. తప్పు చేశానని ఒప్పుకున్నా పోని ఉద్యోగం ఎలాంటిదోనని ఆమె ఒక రాత్రంతా మథనపడి, పొద్దున్నే మామూలుగా బయలుదేరింది. సన్యాసిరావు మాత్రం వీధిలో తలెత్తుకుని తిరుగుతున్నాడు. ఎదురైన ప్రతివాళ్లూ "నీకే ఏసినాం మావా" అంటున్నారు మరి.

విచారణ అయిన సాయంత్రం నూకరత్నం, గవరమ్మ కలిసి కొండ ఎక్కారు. వీధంతా గొడుక్కే వేశామంది; పెట్టెలో ఒక్కటే ఉంది; చెప్పనన్నది ఒక్క మనిషి. నూకరత్నానికి అర్థం కాకపోలేదు. అడగడమే ఆమె ఉద్యోగం, ప్రభుత్వం ఆ పనికే జీతమిస్తోంది. అయినా అడగలేదు. గవరమ్మ కూడా చెప్పలేదు. మలుపు తిరిగాక ఇద్దరూ కుళాయి దగ్గర ఆగి, చేతులు కడుక్కుని, చల్లటి నీళ్లు తాగారు.

అందుకని ఇది చదువుతున్న మీకు ఒక మనవి. రేపో మాపో మీ గుమ్మంలోకి కూడా ఎవరో ఒకరు వస్తారు. మెడలో కార్డు ఉంటుంది, మొహంలో ఎండ ఉంటుంది, మంచి పిల్లో పిల్లాడో అయి ఉంటారు. టీ ఇవ్వండి, నీడలో కూర్చోబెట్టండి. ఎవరికి వేస్తారని వాళ్లు అడిగినప్పుడు, వాళ్లకేది నచ్చుతుందా అని మీ చూపు వాళ్ల చేతుల వైపు పోబోతుంటే, ఒక్క క్షణం ఆగి, మెరకవలస కొండవీధి ఆఖరి ఇంట్లో ఉండే దుక్క గవరమ్మను గుర్తు చేసుకోండి.